కాన్సరు పరిశోధకులు ఎట్లు తయారగుదురు?

చెరకు తియ్యగా నున్నదని నాలుక చెప్పగలదు. ఎంత తియ్యగా నున్నదో చెప్పుటకు నాలుక చాలదు. బోధను ప్రాంతపు ప్రజలకు ఈ సంగతి క్రొత్త కాదు. 1937లో అచ్చట నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఆ చుట్టుపట్ల చెరకు బండ్లన్నియు అటే నడచినవి. చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో రసమును రెండు విధములుగా పరీక్షింతురు. రసములో కరగియున్న ఘనపదార్థము మొత్తమెంతయో బ్రిక్సు మానముతో తెలిసికొందురు. అందులో నిజమైన చక్కెర ఎంతయో, రసముగుండ పోవు ధ్రువిత కాంతి ఎంత కోణము తిరిగినదో చూచి లెక్క కట్టుదురు. ఈ రెండు సంఖ్యలు ఒకటి కావు. మొదటి సంఖ్యను చూచి అంతయు చక్కెరయే అనుకొన్నవాడు మోసపోవును.

కొలిచినది ఒకటి, కొలిచితిననుకొన్నది మరియొకటి కావచ్చునను ఎరుక పుస్తకము చదివినంత మాత్రమున కలుగదు. అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి, చేసి, తప్పి, మరల చేసినవానికే అది అలవడును. కాన్సరును పరిశోధింపబోవు విద్యార్థికి ఇచ్చు శిక్షణ యొక్క సారము కూడ ఇదియే. నిజామాబాదునుండి బాసరకు పోవు రైలుమార్గములో, బోధను శాఖ చీలు జానకంపేట దాటిన పిమ్మట నవీపేట్ వచ్చును. అట్టి ఊరి ఉన్నత పాఠశాలలో చదువుకొను విద్యార్థికి కాన్సరు పరిశోధనాలయము మిక్కిలి దూరమున నున్నట్లు తోచును. అచ్చట ఏమి నేర్పుదురో, ఆ నేర్పు ఎట్లు పుట్టినదో తెలిసినచో ఆ దూరము కొంత తగ్గును.

చేతితో నేర్చు చదువు

మన శరీరము కోట్లకొలది కణములతో నిర్మింపబడినది. కణము పెరుగును, రెండుగా చీలును, కాలము తీరినపుడు నశించును. ఎప్పుడు చీలవలెనో, ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించు ఏర్పాట్లు కణములోనే కలవు. ఆ ఏర్పాట్లు చెడి, ఒక కణపు సంతతి అదుపు లేక పెరుగుటయే కాన్సరు. మన పెద్దలు దీనినే రాచపుండు అనెడివారు. ప్రతి కణము మరియొక కణమునుండియే పుట్టునను సూత్రమును జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో 1858లో తన కణరోగశాస్త్ర గ్రంథములో విశదీకరించిరి. అప్పటినుండి కాన్సరు రహస్యమును కణములోనే వెదకవలెనని తేలినది.

ఆ వెదకుటకు మనుష్యులను సిద్ధము చేయు పద్ధతియు జర్మనీలోనే రూపొందినది. 1824లో గీసెన్ నగరమునకు ఆచార్యుడై వచ్చిన రసాయనశాస్త్రవేత్త యూస్టుస్ లీబిగ్ విద్యార్థులను ఉపన్యాసములతో సరిపెట్టక, ప్రయోగశాలలో తమ చేతులతో విశ్లేషణలు చేయించిరి. ప్రారంభదశలో నున్నవారు తెలిసిన పదార్థములను పరీక్షింపవలెను. ముందుకు పోయినవారు ఎవ్వరికిని సమాధానము తెలియని ప్రశ్నను చేపట్టవలెను. ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము 1861లో పరిశోధనకు డాక్టరు పట్టాలను ఇచ్చెను. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ 1917లో అట్టి పట్టాను ప్రవేశపెట్టెను. నేటి పిహెచ్.డి. విద్యార్థి ఈ వంశవృక్షములోనివాడే.

కుందేటి చెవి

లండనులోని పొగగొట్టములను శుభ్రపరచువారికి ఒక విధమగు చర్మపు కాన్సరు వచ్చుచున్నదని, అందుకు మసియే కారణమని 1775లో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు వ్రాసిరి. మసియే కారణమైనచో ప్రయోగశాలలో కూడ దానితో కాన్సరును పుట్టింపగలుగవలెను. నూరేండ్లకు పైగా ఎవ్వరికిని అది సాధ్యపడలేదు.

జపానులోని టోక్యో విశ్వవిద్యాలయములో యమగివ అను ఆచార్యుడు, పశువైద్యము చదివి ఆయనవద్ద పనిచేయ వచ్చిన ఇచికావ అను యువకుడు ఈ పనిని చేపట్టిరి. కుందేళ్ళ చెవుల లోపలి భాగమునకు రెండు మూడు దినముల కొకసారి బొగ్గుతారు పూయుట వారి ప్రయోగము. వారములు గడచెను, నెలలు గడచెను. మొదట చర్మము దళసరియయ్యెను. తరువాత పులిపిరులవంటివి లేచెను. వారు విడువక పూయుచునే యుండిరి. తుదకు కొన్ని చెవులపై నిజమైన కాన్సరు పుట్టెను. 1915లో ఆ ఫలితమును ప్రకటించిరి. ఒక రసాయన పదార్థముతో కాన్సరును ఉద్దేశపూర్వకముగా పుట్టించుట అదియే ప్రథమము.

ఇందు గమనింపవలసినది ఓర్పు మాత్రమే కాదు. పులిపిరి కనబడగనే కాన్సరు వచ్చినదని వారు చాటలేదు. ఆ కణజాలమును పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, అది చర్మపు హద్దును దాటి లోనికి చొచ్చుకొనిపోయినదా అని పరీక్షించిన పిదపనే ఆ పేరు పెట్టిరి. కన్ను ఆశపడినదానికి బుద్ధి తొందరపడి పేరు పెట్టకుండ నిలువరించుట పరిశోధక విద్యార్థి నేర్వవలసిన తొలిపాఠము. ఇపుడు జంతువులపై ప్రయోగము చేయుటకు ముందు నైతిక సంఘము యొక్క అనుమతి పొందవలెను. జంతువులకు బాధ తగ్గించు పద్ధతులను కూడ విద్యార్థి నేర్వవలెను.

నీలిరంగు ఏల ఆలస్యమైనది?

రెండవ పాఠమునకు తెలుగువాని జీవితమే ఉదాహరణము. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి, ఎల్.ఎం.ఎస్. పట్టా పొంది, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిరి. చదువునకు ధనము చాలక ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేసి పొట్ట పోసికొనిరి. అచ్చట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అను అధ్యాపకుని వద్ద ఆయనకు దొరకిన పని గొప్ప పేరు తెచ్చునట్టిదిగా కనబడలేదు. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కచ్చితముగా కొలుచు పద్ధతిని కనిపెట్టవలెను. అంతే.

ఫాస్ఫేటునకు మాలిబ్డేటు కలిపి, తగిన క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు వచ్చును. ఫాస్ఫేటు ఎక్కువైనకొలది నీలము చిక్కనగును. ఈ రంగును కొలిచి భాస్వరమును లెక్కించు ఫిస్కె-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడెను. నేటికిని జీవరసాయన విద్యార్థులు ఆ పేరును నేర్చుకొందురు.

ఆ పద్ధతిని కండరపు రసమునకు వర్తింపజేసినపుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. నీలము మెల్లమెల్లగా చిక్కబడుచు పోయెను. తొందరపాటు గలవాడు ద్రావకములు చెడినవని వానిని పారబోసి యుండును. లేదా ఐదు నిమిషములకు వచ్చిన సంఖ్యను వ్రాసికొని పైపనికి పోయి యుండును. వీరు ఆ ఆలస్యమునకే కారణమేమని అడిగిరి. కండరములో నున్న భాస్వరమంతయు విడిగా లేదనియు, కొంత భాగము సులభముగా విచ్చిపోవు ఒక సమ్మేళనములో బందీగా నున్నదనియు, పరీక్ష జరుగుచుండగనే అది విచ్చిపోయి ఫాస్ఫేటును విడుదల చేయుచున్నదనియు తేలెను. ఆ సమ్మేళనమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని, 1929లో కణములకు శక్తిని అందించు ఏ.టి.పి. అను పదార్థమును వారు ప్రకటించిరి. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనిరి. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు డాక్టరు పట్టా నిచ్చెను.

ఈ శిక్షణ పొందిన బుద్ధి తరువాత కాన్సరు చికిత్సకు ఎట్లు తోడ్పడెనో చూడదగినది. 1940లో సుబ్బారావు లెడర్లీ పరిశోధనాలయమునకు మారిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. బోస్టనులో పిల్లల రోగశాస్త్రజ్ఞుడగు సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థములను రక్తకాన్సరు రోగులకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా వేగముగా ముదిరినట్లు తోచెను. చెడు ఫలితము కూడ సమాచారమే. ఫోలిక్ ఆమ్లము వ్యాధికి బలమైనచో, దానిని పోలియుండి దాని పనికి అడ్డుపడు పదార్థము వ్యాధిని అణచవలెను కదా! లెడర్లీ రసాయనజ్ఞులు అట్టి పదార్థములను తయారుచేసిరి. వానిలో ఒకటి అమినోప్టెరిన్. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇచ్చిన వివరములు 1948 జూన్‌లో ప్రకటింపబడెను. వారిలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గెను. ఆనాటివరకు ఆ వ్యాధికి మందే లేదు. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని రక్తకాన్సరు చికిత్సలో వాడబడుచున్నది. ఆ 1948 సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించిరి.

ఫార్బర్ తమ ఫలితమును ప్రకటించినపుడు అది తాత్కాలికమనియే వ్రాసిరి. పిల్లలు నయమైరని వ్రాయలేదు. ఆ ఒక్క మాటలో నిజాయితీ యున్నది. ఆ నిజాయితీ వలననే తరువాతివారు ఒక మందు చాలదని గ్రహించి, పెక్కు మందులను కలిపి వాడుటకు పూనుకొనిరి. నేడు మంచి చికిత్స దొరకిన పిల్లలలో అధికసంఖ్యాకులు ఆ వ్యాధినుండి బయటపడుచున్నారు.

ఒక్క అక్షరము

డాక్టరు పట్టాకు పనిచేయు విద్యార్థులే కాన్సరు జీవశాస్త్రమును మలుపు త్రిప్పిన సందర్భములు కలవు. అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రయోగశాలలో చియాహో షీ అను విద్యార్థి, రసాయనముచే కాన్సరు లక్షణము పొందిన ఎలుక కణములనుండి డి.ఎన్.ఏ.ను తీసి సామాన్య కణములకు ఎక్కించెను. వానిలో కొన్ని అదుపు తప్పి గుంపులుగా పెరిగెను. అంతటితో ఆగియుండినచో ఆ ప్రయోగమునకు విలువ లేదు. ఎక్కించు పనియే కణములను చెడగొట్టియుండవచ్చును కదా! సామాన్య కణముల డి.ఎన్.ఏ.ను కూడ అదే విధముగా ఎక్కించి చూచినపుడు అట్టి గుంపులు రాలేదు. కావున దోషము డి.ఎన్.ఏ.లోనే కలదు. 1979లో ఈ ఫలితము వెలువడెను.

ఒక మార్పు తప్ప మిగిలినదంతయు సమానముగా నుంచి చేయు ఈ రెండవ ప్రయోగమును పోలిక ప్రయోగము అందురు. ప్రయోగశాలలో గురువు అడుగు మొదటి ప్రశ్న "నీకేమి వచ్చినది?" అని కాదు, "పోలిక ప్రయోగము ఏమి చెప్పినది?" అని.

తరువాతి ప్రశ్న ఆ డి.ఎన్.ఏ.లో దోషమెక్కడ నున్నదని. మనుష్యుని మూత్రాశయపు కాన్సరునుండి తీసిన సుమారు 6,600 అక్షరముల డి.ఎన్.ఏ. ముక్కను, ఆరోగ్యవంతమైన కణములలోని అట్టి ముక్కతో పోల్చిరి. చెడ్డదానిలోని ఒక్కొక్క తునకను మంచిదానిలో అమర్చుచు, ఏ తునక వచ్చినపుడు కణము చెడుచున్నదో చూచుచు, 350 అక్షరముల తునకవరకు వచ్చిరి. దానిని చదువగా తేడా ఒక్క అక్షరము. జి ఉండవలసినచోట టి యున్నది. దానివలన రాస్ అను ప్రోటీనులో పండ్రెండవ స్థానమున గ్లైసిన్ బదులు వేలిన్ వచ్చి చేరినది. 1982లో మూడు బృందములు ఇంచుమించుగా ఒకేసారి ఈ సత్యమును కనుగొనెను. ఒక బృందములో క్లిఫర్డ్ టాబిన్ అను డాక్టరేటు విద్యార్థి ముఖ్యుడు. మరియొక బృందమున మరియానో బార్బాసిడ్‌తో కలిసి పనిచేసినవారు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఆయన మన ఉస్మానియా విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టా పొంది అమెరికాకు పోయినవారు. 1987లో ఆంకోజీన్ అను పరిశోధన పత్రికను ఆయనయే ప్రారంభించిరి.

రాస్ కుటుంబపు ప్రోటీనులపై పనిచేయు మందు అమెరికాలో తొలిసారిగా అనుమతి పొందినది 2021లో. అక్షరదోషము తెలిసిన నాటికిని మందు దొరకిన నాటికిని నడుమ 39 సంవత్సరములు గడచెను. పరిశోధక విద్యార్థి తన జీవితమును ఇట్టి కాలమానముతో ముడిపెట్టుకొనుచున్నాడని మరువరాదు.

సీసాపై పేరు, సీసాలోని కణము

విత్తనపు సంచిపై నున్న పేరు ఒకటి, మొలచిన పైరు మరియొకటి అయినపుడు రైతు పడు కష్టము నిజామాబాదు జిల్లాలో ఎరుగనివారు లేరు. కాన్సరు ప్రయోగశాలలకును ఇట్టి కష్టమే వచ్చెను. 1951లో అమెరికాలో ఒక రోగినుండి తీసి పెంచిన హీలా అను కణములు మిక్కిలి చురుకుగా పెరుగునవి. 1966లో స్టాన్లీ గార్ట్లర్ అను శాస్త్రజ్ఞుడు, వేరువేరు మనుష్యులనుండి తీసినవని నమ్మబడుచున్న 18 కణవంశములను పరీక్షించి, అవి నిజమునకు హీలా కణములే అయి యుండవచ్చునని చూపిరి. ఒక సీసానుండి మరియొక సీసాకు తెలియకుండ ప్రాకిన కణములు అసలువానిని మ్రింగివేసినవి. ఏండ్ల తరబడి ఒక అవయవపు కణములపై పరిశోధించుచున్నామనుకొన్నవారు మరియొక దానిపై పనిచేసియుండిరి. చాలమంది ఆ మాటను వినుటకు ఇష్టపడలేదు. ఇపుడు కణముల డి.ఎన్.ఏ. గుర్తులను పరీక్షించి, అవి అసలువే అని రుజువు చూపుమని పెక్కు పత్రికలు కోరుచున్నవి.

2012లో మరియొక హెచ్చరిక వచ్చెను. ఆమ్‌జెన్ అను ఔషధసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, కాన్సరు పరిశోధనలో ముఖ్యమైనవిగా ఎన్నబడిన 53 పరిశోధన ఫలితములను మరల సాధింప యత్నింపగా, 6 మాత్రమే నిలిచినవని ప్రకటించిరి. మిగిలినవన్నియు మోసములని దీని అర్థము కాదు. చాలినన్నిసార్లు చేయకపోవుట, అనుకూలమైన ఫలితమును మాత్రమే చూపుట, ఏది మందు ఇచ్చిన పళ్ళెమో తెలిసియే లెక్కించుట మున్నగు లోపములు సత్యమును వంకర చేయును. వీనిపై నమ్మకముంచి తయారగు మందులు రోగుల శరీరములలోనికి పోవును. ఒక విద్యార్థి నోటు పుస్తకములో దాచిన చిన్న అబద్ధము, ఎక్కడనో ఒక రోగి చికిత్సా కాలమును వ్యర్థము చేయగలదు. అందుచేతనే ప్రయోగశాలలో నోటు పుస్తకమునకు అంత గౌరవము. చెడిన ప్రయోగమును కూడ తేదీతో వ్రాయవలెను, పుట చింపరాదు.

మన దేశములో

భారతదేశమున ఇట్టి శిక్షణకు పునాది వేసినవారిలో వి. ఆర్. ఖానోల్కర్ ముఖ్యులు. బొంబాయిలో 1941లో ప్రారంభమైన టాటా స్మారక ఆసుపత్రి సన్నిధినే 1952లో భారతీయ కాన్సరు పరిశోధన కేంద్రము ఏర్పడెను. ఖానోల్కర్ దానికి మొదటి డైరెక్టరు. అచ్చట కణజాలములను శరీరము వెలుపల పెంచు ప్రయోగశాలను నిర్మించినవారు కమల్ రణదివె. ఆమె బొంబాయి విశ్వవిద్యాలయమునుండి 1949లో డాక్టరు పట్టా పొంది, హీలా కణములను పెంచిన జార్జ్ గై ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసి స్వదేశమునకు తిరిగివచ్చిరి. చేతిలోని నేర్పు ఇట్లు ఒక చేతినుండి మరియొక చేతికి సముద్రములు దాటి వచ్చినది.

మన సమస్యలు మన కండ్ల ఎదుటనే యుండునని కూడ ఆ తరము చూపెను. కోస్తా ఆంధ్రలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని త్రాగు అడ్డపొగ అలవాటుకును, అంగిటి కాన్సరుకును గల సంబంధమును గూర్చి 1957లోనే పరిశోధన పత్రము వెలువడెను. నిజామాబాదు ప్రాంతమున వేలకొలది స్త్రీలు బీడీలు చుట్టి జీవించుచున్నారు. పొగాకు వారి కూలి. అదే పొగాకు త్రాగువారికి వ్యాధి. కాన్సరు పరిశోధన సూక్ష్మదర్శినితో మొదలై సూక్ష్మదర్శినితో ముగియదని దీనివలన తెలియుచున్నది.

హైదరాబాదులో 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున కణ, అణుజీవశాస్త్ర కేంద్రము ప్రారంభమయ్యెను. సి.సి.ఎం.బి. అని పేరొందిన ఈ సంస్థ భవనములు 1987 నవంబరులో జాతికి అంకితము చేయబడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఉస్మానియా విశ్వవిద్యాలయము, డి.ఎన్.ఏ. ముద్రల కేంద్రము మున్నగు చోట్ల కూడ జీవశాస్త్ర పరిశోధక విద్యార్థులు శిక్షణ పొందుచున్నారు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది.

ఈ మార్గమున పోవువాడు జీవశాస్త్రములోగాని రసాయనశాస్త్రములోగాని ఎం.ఎస్.సి. ముగించి, నెట్ అను జాతీయ పరీక్షలో నెగ్గినచో, ప్రభుత్వమునుండి పరిశోధక వేతనము లభింపవచ్చును. 2023 జనవరినుండి ఆ వేతనము మొదటి దశలో నెలకు 37,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. 2022 నాటి నియమముల ప్రకారము పిహెచ్.డి.కి కనీసము మూడు సంవత్సరములు, సామాన్యముగా అత్యధికము ఆరు సంవత్సరములు. మొదట కొన్ని నెలలు పాఠములు. పరిశోధనా నీతి కూడ వానిలో ఒక పాఠ్యాంశము. పిమ్మట ప్రశ్నను ఎన్నుకొనుట. ఆపైన చాలకాలము, ప్రయోగములు విఫలమగు కాలము.

ఈ చివరి మాటను విద్యార్థులకు దాచరాదు. కణములకు బూజు పట్టును. నెలరోజుల పని ఒక్క ఉదయమున పోవును. తోటివారు ఉద్యోగములలో స్థిరపడుచుండగా తాను ఇంకను విద్యార్థిగనే యుండును. ఇంటివారు "ఇంకెన్నాళ్ళు?" అని అడుగుదురు. ఆ కాలములో ఫలితమును కొంచెము సవరింపవలెనను ఆశ పుట్టును. మంచి గురువు విలువ అపుడే తెలియును. శిష్యుని ఫలితము తన సిద్ధాంతమునకు విరుద్ధమైనను కోపింపక, "మరల చేసి చూపుము, అట్లే వచ్చినచో నా మాటయే తప్పు" అనగల గురువువద్ద నేర్చినవాడే నిజమైన పరిశోధకుడగును. అట్లు అనలేని గురువువద్ద విద్యార్థి గురువునకు నచ్చు సంఖ్యలను వ్రాయుట నేర్చును.

పసుపు పరీక్ష

ఈ శిక్షణ విలువను చూపుటకు నిజామాబాదులోనే తగిన నిదర్శనము కలదు. నిజామాబాదు పసుపునకు పేరుపడిన విపణి. 2025లో జాతీయ పసుపు మండలి ప్రధాన కార్యాలయము కూడ ఇచ్చటనే ప్రారంభమైనది. పసుపునకు రంగునిచ్చు కర్కుమిన్ అను పదార్థము 1815లో వేరుచేయబడెను. దాని నిర్మాణము 1910లో నిర్ణయింపబడెను. ప్రయోగశాలలో పళ్ళెములలోని కాన్సరు కణములపై కర్కుమిన్ పోసినచో అవి చచ్చుననుట నిజమే. దీనిపై వేలకొలది పత్రములు వెలువడినవి. పసుపు కాన్సరును మాన్పునను మాట ఊరూర వినబడుచున్నది.

శిక్షణ పొందిన విద్యార్థి ఈ మాటను విని ఏమి అడుగవలెను? కర్కుమిన్ రంగుగల పదార్థము. కాంతి తగిలిన తానును వెలుగును. రంగునుగాని వెలుగునుగాని కొలుచు పరీక్షలలో అది కల్పించు సంఖ్య మందు పనిచేసినదని భ్రమ కలిగించునా? అది పెక్కు ప్రోటీనులకు అంటుకొనును. ఆ అంటుకొనుట నిజమైన ఔషధగుణమా? రక్తమువంటి స్వల్పక్షార ద్రవములో అది త్వరగా విచ్చిపోవును. అయినచో పనిచేసినది ఏది? తిన్నపుడు అది రక్తములోనికి బహుకొద్దిగా చేరును. పళ్ళెములో పోసినంత మోతాదు శరీరములోని గడ్డకు చేరునా? 2017లో ఔషధ రసాయనజ్ఞులు కొందరు ఈ ప్రశ్నలన్నిటిని పరిశీలించి, 120కి పైగా వైద్యపరీక్షలు జరిగినను, రోగికిని వైద్యునికిని ఏది మందో తెలియకుండ ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన పరీక్ష ఒక్కటియు విజయవంతము కాలేదని వ్రాసిరి. కర్కుమిన్‌పై వెలువడిన పత్రములలో కొన్ని తరువాత పత్రికలచే ఉపసంహరింపబడినవి కూడ.

ఇది పసుపునకు అవమానము కాదు. పసుపు వంటకు మంచిది, శుభమునకు మంచిది, రైతునకు మంచి పంట. మన పొలములో పండినదని దానికి లేని గుణము నంటగట్టిన నష్టపోవునది మనవారే. నయము కాదగిన దశలో నున్న రోగి ఆసుపత్రిని మాని పసుపును నమ్ముకొన్నచో, పోయిన ఆ నెలలు తిరిగిరావు. ఇంటి పంటయైనను పరీక్షకు నిలువవలసినదే అని చెప్పగల ధైర్యము, ఆ పరీక్షను సక్రమముగా చేయగల నేర్పు ఈ జిల్లా బిడ్డలకే అలవడినచో, అంతకంటె వలసినదేమి?

ఉన్నత పాఠశాలలో మొదటి మెట్టు

ఇందుకు ఖరీదైన యంత్రములు రావలెనని వేచియుండ నక్కరలేదు. మూడు పళ్ళెములలో ఏబదేసి పెసలను మొలకెత్తింపవచ్చును. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో పసుపు కలిపి తేర్చిన నీరు, మూడవదానిలో తినుబండారములకు వాడు పచ్చరంగు కలిపిన నీరు పోయవలెను. పచ్చగా కనబడు రెండు పళ్ళెములలో ఏది నిజమైన పసుపో లెక్కించు విద్యార్థికి తెలియరాదు. పళ్ళెములపై అంకెలు మాత్రమే యుండవలెను. అంకెల అర్థము ఉపాధ్యాయునివద్ద మూసిన కవరులో నుండవలెను. మూడు దినముల పిదప మొలకలు లెక్కించి, సంఖ్యలను సిరాతో వ్రాసి, అపుడు కవరు విప్పవలెను. ఆపైన మొత్తము ప్రయోగమును మరి రెండుసార్లు చేయవలెను.

మొదటిసారి వచ్చిన తేడా మూడవసారి కనబడకపోవచ్చును. అపుడు తరగతిలో కొందరు నిరాశపడుదురు. కొందరు లెక్క తప్పినదని వాదింతురు. ఎవడో ఒకడు మాత్రము నాలుగవసారి చేయుదమా అని అడుగును. పళ్ళెములు కడిగి వాని చేతికిచ్చుట ఉపాధ్యాయుని పని.